కుడి పక్క వంత

రండి, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. ఫ్యాను చప్పుడుకి నా గొంతు ఆ మూలకి వినపడదు. టీ పొయ్యి మీద ఉంది, మరిగేలోపు మొదలుపెడతాను. కాగితం మీద చదివేవాళ్లు కూడా ఈ చాప మీదే కూర్చున్నట్టు అనుకోండి.

నేను చదివింది అయిదో తరగతి. మా ఊరి మునిసిపాలిటీ కళామందిరంలో ముందు ఊడ్చే మనిషిగా చేరి, తర్వాత అటెండర్‌నై, అక్కడే రిటైరయ్యాను. ఊరి పేరు రాయను. పొద్దున్నే బెజవాడ బస్సెక్కి పని చేసుకుని సాయంత్రానికి ఇంటికి రాగలిగినంత దూరం, అది చాలు. మీలో ఎవరో ఒకరు రేపు అలాంటి హాల్లో ఉద్యోగానికి చేరతారు. జీతం సంగతి, సెలవుల సంగతి ఆఫీసులో చెబుతారు. ఆఫీసులో చెప్పనిది నేను చెబుతాను.

అసలు పని

చేరిన రోజున నాకు చెప్పిన పని తలుపులు తీయడం, వేయడం, హాలు శుభ్రంగా ఉంచడం. కొన్నాళ్లకే తెలిసింది, అది పనిలో చిన్న ముక్క అని. అసలు పని గ్రీన్‌రూములో ఉంది. అక్కడికి వచ్చే మనిషి ఎంత పెద్ద కళాకారుడైనా, తెర లేచే ముందు పరీక్షకి వెళ్లే పిల్లాడే. ఒకరికి చేతులు చల్లబడతాయి. ఒకరు మజ్జిగ అడుగుతారు, ఉప్పెక్కువ వేయమంటారు. ఒకరికి జాకెట్టు హుక్కు ఊడుతుంది. సేఫ్టీపిన్నులు నా మంగళసూత్రాలకి వేలాడుతూనే ఉండేవి.

బుర్రకథ వాళ్లు వస్తే ఇంకో పని. పక్కన నిలబడేవాళ్లు వాయించే మట్టి గుమ్మెటకి వానాకాలంలో తోలు మెత్తబడిపోతుంది, కొడితే తడి గోడని కొట్టినట్టుంటుంది. కుంపటి రాజేసి సెగ చూపిస్తే మళ్లీ బిగుస్తుంది. హాలుకి ఏసీ పెట్టాక కుంపటి వద్దన్నారు, నిప్పు ప్రమాదమని. అప్పటి నుంచి ఇస్త్రీపెట్టె వేడిచేసి, తోలుకి ఆనకుండా పైన ఆడిస్తూ ఉండేదాన్ని.

ఇవన్నీ సంతోషంగా చేశాను. సంతోషం లేకుండా చేసిన పని ఒకటి ఉంది. గ్రీన్‌రూము వెనక ఆడవాళ్ల బాత్రూము. నేను చేరేనాటికే దానికి తలుపు లేదు. సభలయ్యాక మిగిలిన ఫ్లెక్సీలు, పెద్దవాళ్ల నిలువెత్తు కటౌట్లు అందులో కుక్కేవారు. అందుకని ప్రోగ్రాముకి వచ్చిన ఆడవాళ్లందరినీ నేను రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న సలోమి అక్క ఇంటికి తీసుకెళ్లేదాన్ని. ముఖాన రంగు, తలనిండా పూలు, కాళ్లకి గజ్జెలు. గజ్జెలు విప్పితే మళ్లీ కట్టడం ఆలస్యమని, వాటి చుట్టూ తువ్వాలు చుట్టుకుని నడిచేవారు. బస్సు ఆపి కండక్టరు అడిగేవాడు:

"ఏవమ్మో, నాటకం ఈసారి రోడ్డు మీదా?"

సలోమి అక్క ఒక్కనాడు విసుక్కోలేదు. బకెట్టు నిండుగా ఉంచేది. ఆ ఊళ్లో కళలకి ఎవరు ఏం చేశారని నన్నడిగితే ముందు ఆవిడ పేరే చెబుతాను. ఆవిడకి మాత్రం ఎవరూ శాలువా కప్పలేదు.

శాలువాలు, కిరీటం

శాలువా అంటే గుర్తొచ్చింది. మునిసిపాలిటీ కళలకి ఏమీ చేయదని జనం అంటారు. తప్పు. చేస్తుంది. చేసిన దాంతోనే వస్తుంది చిక్కంతా.

మా మొదటి మేనేజరు సూర్యనారాయణ గారు. నాకు పని నేర్పింది ఆయనే. "మార్తమ్మా, నా గది తాళం ఆలస్యమైనా ఫర్లేదు, గ్రీన్‌రూము తాళం ముందు తియ్యి. ఆఫీసర్లు కూర్చోడానికి ఊరంతా కుర్చీలున్నాయి" అనేవారు. ప్రతి మీటింగులోనూ బాత్రూము తలుపు మాటెత్తేవారు. వినీ వినీ ఆయన్ని నీటిపన్ను సెక్షనుకి మార్చారు. అక్కడైతే తలుపులుండవని కాబోలు.

తర్వాత వచ్చిన భాస్కర్ గారు చెడ్డ మనిషి కాదు. ఎవరినీ ఒక మాట అనలేదు, ఎవరి కోసమూ ఒక మాట అనలేదు. ఆయన హయాంలో సన్మానాలు ఎక్కువయ్యాయి. శాలువాలు తక్కువ. ఒకరికి కప్పి, ఫొటో తీసి, ఆయన దిగి తెర వెనక్కి రాగానే నేను తీసుకుని మడత పెట్టి అటువైపు నుంచి మళ్లీ పంపాలి. పెద్దవాళ్లకి కప్పినవి మాత్రం వాళ్లతోనే కారెక్కేవి.

ఒకసారి ఇబ్రహీంపట్నం నుంచి పద్యనాటకం వాళ్లు వచ్చారు. సాయంత్రం ఆరింటికి నాటకం. ముఖ్య అతిథి రావాలి, రాలేదు. రాజు వేషం వేసిన పెద్దాయన కిరీటం పెట్టుకుని, కత్తి కట్టుకుని స్టేజీ పక్క వింగులో నిలబడి ఉన్నాడు. అతిథి వస్తున్నాడని కబురొచ్చేసరికి స్టేజీ మీద కుర్చీలు చాల్లేదు. భాస్కర్ గారు కంగారులో ఎవరున్నారో చూడకుండా "ఏమయ్యా, ఆ కుర్చీలు నాలుగు ఇటు పట్రా" అన్నారు. రాజు గారు కిరీటంతోనే వెళ్లి కుర్చీలు మోసుకొచ్చారు. జనం అది నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయనకి దక్కిన చప్పట్లు అవే, ఎందుకంటే ఉపన్యాసాలయ్యాక నాటకానికి టైము మిగల్లేదు.

రంగు తుడుచుకుంటూ ఆయన నాతో "రాజ్యం ఎట్టుందయ్యా అని మా ఇంటిది అడుగుద్దమ్మా. కుర్చీలు బరువుగా ఉన్నయ్యని చెప్తా" అన్నాడు.

ఇవన్నీ చిన్న చిన్న గాయాలు. మానిపోతాయి. మాననిది ఒకటుంది, అది చెప్పడానికే ఇంతసేపూ దగ్గరకి పిలిచాను.

కోటేశ్వరమ్మ దళం

కోటేశ్వరమ్మ మా ఊరిదే. బుర్రకథ చెబుతుంది. మధ్యలో తంబురా పట్టుకుని కథ నడిపేది ఆమె. ఎడమ పక్క ఆమె చెల్లెలు నాగమణి, కుడి పక్క ఆమె భర్త సాంబయ్య, ఇద్దరివీ గుమ్మెటలు. ఇలా పక్కన ఉండి పలికేవాళ్లని వంతలంటారు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎడమ వంత నవ్విస్తాడు. కుడి వంత లోకం సంగతి మాట్లాడతాడు. కథ ఏ కాలం నాటిదైనా, నడుస్తున్నది ఏ రాజు రాజ్యమైనా, కథ చెప్పే మనిషి మధ్య మధ్యలో కుడి పక్కకి తిరిగి "ఏమంటావయ్యా?" అని అడుగుతుంది. అప్పుడతను ఆ పాత కథని ఈ రోజుకి, ఈ ఊరికి ముడేసి ఒక మాట అంటాడు. ఎవరినన్నా ఏమన్నా అనే హక్కు అతనికి ఉంది. అది జనం తాతల నాడే ఇచ్చిన హక్కు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి తన మీద మాటపడితే నవ్వి ఊరుకోవాలి. అదీ పద్ధతి.

సాంబయ్య పగలు బెజవాడ ఆటోనగర్‌లో లారీల క్యాబిన్లకి సొట్టలు తీసే పని చేస్తాడు. ప్రోగ్రాము ఉన్న రోజు మధ్యాహ్నమే బస్సు దిగి, బస్టాండులో టీ తాగుతూ కూర్చునేవాడు. తర్వాత రైతుబజారు చుట్టూ ఒకసారి, కాలవ గట్టు మీద ఒకసారి తిరిగేవాడు. అందరూ రిహార్సలుకి రమ్మని పిలుస్తుంటే "ఇదే నా రిహార్సలు" అనేవాడు. ఊరు ఆ రోజు ఏ మాట నోట్లో పెట్టుకుని నములుతోందో అదే సాయంత్రం అతని నోట వచ్చేది.

కోటేశ్వరమ్మ సొంతంగా ఒక కథ కట్టుకుంది. కృష్ణ పొంగి కట్టకి గండిపడితే, ఏటి లంకలో ఉండే వీరమ్మ అనే ఆడమనిషి ఊరందరినీ లేపి, గండి పూడ్పించి, చివరికి ఆ కట్టలోనే కలిసిపోయిన కథ. మునిసిపాలిటీ పండగ సభలో ఆ కథ పెట్టారు. ముందు వరసలో సాంస్కృతిక కమిటీ పెద్ద, కౌన్సిలర్ ప్రసాదరావు గారు కూర్చున్నారు. ఆయనకి బుర్రకథంటే నిజంగా ప్రాణం. వీరమ్మ పసిబిడ్డని పక్కింటామెకి అప్పగించే చోట కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నేను వింగులోంచి చూశాను, అది దొంగ ఏడుపు కాదు.

ఆ సాయంత్రం సాంబయ్య ముందుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. తన భార్య, మరదలు గజ్జెలకి తువ్వాళ్లు చుట్టుకుని నా వెనకే రోడ్డు దాటడం చూశాడు. కండక్టరు మాట కూడా విన్నాడు.

కథలో గండి పూడ్చే ఘట్టం వచ్చింది. కోటేశ్వరమ్మ కుడి పక్కకి తిరిగింది. "కట్ట తెగిందనగానే ఊరు ఊరంతా గంపలు నెత్తినెత్తుకుని పరిగెత్తిందయ్యా. ఏమంటావు?"

సాంబయ్య గుమ్మెట మీద రెండు దెబ్బలు వేశాడు. "అంటానికేవుందమ్మా. ఆ రోజుల్లో కట్టకి గండిపడితే ఊరంతా వచ్చింది. ఈ రోజుల్లో ఈ స్టేజీ వెనక ఆడోళ్ల బాత్రూముకి తలుపూడితే ఒక్కళ్లూ రాలా."

ఎడమ పక్క నుంచి నాగమణి అందుకుంది. "తలుపెందుకు బావా? పెద్దపెద్దోళ్ల బొమ్మలు లోపల నుంచుని కాపలా కాత్తన్నయ్ గదా."

"అందుకేనే మనోళ్లు లోపలికి పోంది. అంతమంది పెద్దమనుషుల ముందు ఎట్టా కూచుంటారు?"

హాలు దద్దరిల్లింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ప్రసాదరావు గారూ నవ్వారు. భాస్కర్ గారు ఆయన నవ్వాక నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సూర్యనారాయణ గారు మీటింగుల్లో చెప్పి చెప్పి అలిసిపోయిన మాట, ఒక్క దరువులో ఊరందరి మాట అయింది.

చేయూత

కొద్ది రోజులకి ముగ్గురినీ పిలిపించారు. భాస్కర్ గారి గదిలో ప్రసాదరావు గారు కూర్చుని ఉన్నారు. టీలు నేనే అందించాను, కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"కూర్చోమ్మా కోటేశ్వరమ్మా. నిలబడతారేంటి, మీరు కళాకారులు" అన్నారు ఆయన. "మా నాన్న భుజాల మీద కూర్చుని బుర్రకథ చూసినోణ్ణి నేను. ఇది పోకూడదు. అందుకే కౌన్సిల్లో కొట్లాడి సాధించా. నెలనెలా మొదటి శనివారం హాలు మీదే. అద్దె లేదు. స్కూలు పిల్లల్ని తీసుకొస్తాం. నువ్వు నేర్పే ఆడపిల్లలున్నారంటగా, వాళ్లక్కూడా స్టేజీ."

కోటేశ్వరమ్మ కప్పు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. ఎందుకో చెబుతాను. ఆమె తన వాకిట్లో ముగ్గురు ఆడపిల్లలకి కథ నేర్పుతోంది. ఆ తల్లులు అప్పటికే అంటున్నారు, ఎక్కడా చెప్పే చోటు లేని కథకి ఇంత గొంతు చించుకోవడం ఎందుకు, ట్యూషన్‌కైనా పంపుకుంటామని. స్టేజీ లేకపోతే ఆ పిల్లలు ఆగిపోతారు. పిల్లలు ఆగితే కథ ఆమెతోనే ఆగిపోతుంది.

"మీ మేలు మర్చిపోనండి" అంది.

"ఒక్కటే చిన్న సవరణ" అన్నారు ప్రసాదరావు గారు, ఎంతో మెత్తగా. "సాంబయ్య మాటలు ఇకమీదట మేం రాసిస్తాం. తడి చెత్త, పొడి చెత్త, దోమలు, ఇంటిపన్ను. జనానికి పనికొచ్చే మాటలే. నువ్వెట్టాగూ సమాజం గురించే మాట్లాడతావు గదా సాంబయ్యా."

సాంబయ్య అప్పటిదాకా టీ ముట్టలేదు. "చెత్త గురించి చెప్పటానికి నాకేం అభ్యంతరం లేదండి. ఎక్కడెక్కడ ఉందో కూడా చెప్పమంటారా?"

భాస్కర్ గారు ఫ్యాను వైపు చూశారు. ప్రసాదరావు గారు నవ్వారు. "చూశావా, ఇదే నేనొద్దనేది. నాకు ఇబ్బంది లేదయ్యా, నేను నవ్వేసేవాణ్ణే. అందరూ నాలాగా ఉండరు. రేపు పైవాళ్లెవరైనా వచ్చినరోజు నువ్విట్టా అంటే ఈ శనివారాలు కూడా పోతయ్. మీ మంచికే చెప్తన్నా."

ఆయన అబద్ధం చెప్పలేదు. మీరు ఉద్యోగంలో చేరాక ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కళ మీద చేయి వేసేవాళ్లు కోపంతో రారు. మీ మంచికే అంటూ వస్తారు, టీ ఇప్పించి మరీ చెబుతారు.

గ్రీన్‌రూములోకి వచ్చాక తలుపు వేశాను. ముందు కోటేశ్వరమ్మే అంది. "నాలుగు ముక్కలు చదివితే నీ నోరేం అరిగిపోదు. చదివెయ్యి, తరవాత వాయించు. నీ వాయింపు ఎవరాపారు?"

"చదవగలనే. చదివినాక నన్నెవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే మానేత్తారు. నీకు నీ మాట, నాకు నా పిల్లలు. ఆ పిల్లలు రేపు గొంతు విప్పాలంటే చోటుండాలా వద్దా?"

"ఉండాలి. నేను కాదన్లా." సాంబయ్య గుమ్మెట ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తోలు తడుముతున్నాడు. "కానీ నువ్వు ఇటు తిరిగి ఏమంటావయ్యా అని అడుగుతావు. గండిపడి ఊరు మునుగుతుంటే, ఇంటిపన్ను సకాలంలో కట్టండని చెప్పనా?"

నాగమణి తేలిక చేయబోయింది. "అట్టయితే నా పని పోద్ది బావా. నువ్వు చదువుతుంటే నేను నవ్వియ్యక్కర్లా."

ఎవరూ నవ్వలేదు. సాంబయ్య లేచాడు. "మీరిద్దరూ చెప్పుకోండి. నేను అడ్డం రాను. పిల్లల నోట్లో మట్టి కొట్టానన్న మాట నాకొద్దు." గుమ్మెట నా చేతికిచ్చాడు. "అక్కా, దీన్ని ఇంటికి తీసుకుపోను. నీ బీరువాలో ఉండనియ్యి."

ఇప్పుడు మీరు అడుగుతారు, తప్పెవరిదని. ఆలుమగల్లో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరిలో ఒకరి మాట పోవాల్సిన చోటికి వాళ్లని నెట్టిన చేతిది తప్పు.

మొదటి శనివారం

హాలు నిండింది. స్కూలు పిల్లలు యూనిఫారాల్లో వరసగా కూర్చున్నారు. 'స్థానిక కళలకు చేయూత' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎవరెవరి ఫొటోలో ఉన్నాయి, కోటేశ్వరమ్మది లేదు. ప్రసాదరావు గారు ముందు వరసలోనే ఉన్నారు. ఇద్దరే ఎందుకని ఎవరో అడిగితే "రెండు గొంతులు చాలవా, బాగానే ఉంటుంది" అన్నారు.

కథ మొదలైంది. వీరమ్మ కథే. సాంబయ్య ఆటోనగర్ నుంచి నేరుగా వచ్చి, గ్రీజు మరకల చొక్కాతోనే చివరి వరసలో కూర్చున్నాడు. ఆ రోజు అతను బస్టాండులో ఆగలేదని టీకొట్టు వాళ్లు తర్వాత చెప్పారు.

గండి ఘట్టం వచ్చింది. ఏళ్ల తరబడి అలవాటైన మెడ కదా, కోటేశ్వరమ్మ కుడి పక్కకి తిరిగింది. "ఊరు ఊరంతా గంపలు నెత్తినెత్తుకుని పరిగెత్తిందయ్యా. ఏమంటావు?"

అక్కడ ఎవరూ లేరు.

తంబురా ఆగింది. ఆమె అలాగే ఆ ఖాళీలోకి చూస్తూ ఉండిపోయింది. హాల్లో మా ఊరివాళ్లందరికీ కుడి వంత ఎవరో తెలుసు, ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. స్కూలు పిల్లలకి ఏమీ తెలియక వాళ్లూ చూశారు. "అను సాంబయ్యా, అక్కణ్ణించే అను" అని ఒక పెద్దాయన అన్నాడు. సాంబయ్య మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని తల వంచుకున్నాడు. అతను నోరు తెరిస్తే ఆ శనివారాలు అక్కడితో సరి. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆ నిశ్శబ్దాన్ని ఎడమ పక్క నుంచి నాగమణి తెంచింది. "మా బావ తడి చెత్తా పొడి చెత్తా ఏరటానికి పోయాడక్కా. వచ్చేసరికి తెల్లారుద్ది, నువ్వు కానియ్యి."

పిల్లలు పగలబడి నవ్వారు. ప్రసాదరావు గారు చప్పట్లు కొట్టారు. కథ సాగిపోయింది. నేను వింగులోంచి చివరి వరస వైపు చూసేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

అయిపోయాక నాగమణి గ్రీన్‌రూములో మూలకి తిరిగి ఏడ్చింది. "నేనామాట అనకపోతే కథ అక్కడే చచ్చిపోయేదక్కా. ఇంకేం చెయ్యను?" అంది. కోటేశ్వరమ్మ గజ్జెలు విప్పుకుంటూ "బాగా అన్నావులే" అంది. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు.

మెడ

తర్వాత నెలనెలా శనివారాలు జరిగాయి. నేను వింగులో నిలబడి ఆమె మెడనే చూసేదాన్ని. రెండో నెల సగం తిరిగి ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్లు గడ్డం మాత్రం అటు కదిలేది. తర్వాత అదీ లేదు. ఏమంటావు అన్న మాటే కథలోంచి జారిపోయింది. దాని చోట ఒక పాట చేర్చింది, వినడానికి బాగానే ఉంటుంది. సాంబయ్య నిలబడే చోటు బోసిగా ఉందని భాస్కర్ గారు అక్కడ ఒక నిలువు ఫ్లెక్సీ పెట్టించారు. దాని మీద రెండు చెత్తబుట్టలు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది.

బాత్రూము సంగతి చెప్పలేదు కదూ. అది బాగుచేశారు. కటౌట్లు తీయించి, తెల్లటి టైల్సు వేయించి, కొత్త తలుపు పెట్టారు. పక్కన నల్లరాతి పలక మీద ప్రారంభించినవారి పేరు చెక్కించారు. నేను సలోమి అక్కకి కూడా చెప్పి వచ్చాను, ఇక నీకు శ్రమ లేదని. మర్నాడు చూస్తే దానికి తాళం ఉంది.

"తాళం చెవి ఇవ్వండి సార్, ఆడవాళ్లొచ్చారు" అన్నాను.

భాస్కర్ గారు ఇబ్బందిగా చూశారు. "అది ముఖ్య అతిథులకమ్మా. రంగులూ అవీ అంటితే మళ్లీ పాడైపోద్ది. సలోమి వాళ్లిల్లు ఉంది గదా."

సాంబయ్య మాటకి తలుపు వచ్చింది. సాంబయ్య లేడు కాబట్టి దానికి తాళం పడింది. ఉద్యోగమంతటిలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే. ఆ తాళం చెవి రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను. మీరు కూడా అడగండి. ఇవ్వరు. అయినా అడగండి, అడగడం మానేస్తే అది మనకి కాదన్నది మనమే ఒప్పుకున్నట్టు.

పండగ సభలో కోటేశ్వరమ్మకి సంప్రదాయ కళని కాపాడినందుకు అవార్డు ఇచ్చారు. ఆమె తీసుకుంది. నేను తప్పు పట్టను. ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు పెరిగారు, ఈ రోజు మా చుట్టుపక్కల ఆడపిల్లలు బుర్రకథ చెబుతున్నారంటే ఆమె వల్లే. అలా చెబుతున్న దాన్ని బుర్రకథ అనాలా అని మాత్రం నన్నడగొద్దు.

నేను రిటైరయ్యే ముందు, కోటేశ్వరమ్మ దగ్గర కథ నేర్చుకోడానికి కొత్తగా చేరిన హారిక అనే పిల్ల జడ వేయించుకుంటూ నన్నడిగింది. "అమ్మమ్మా, బుర్రకథకి ముగ్గురు ఉండేవాళ్లంట, మా తెలుగు టీచర్ చెప్పారు. నిజవా? మూడో ఆయన ఏం చేసేవాడు?"

కోటేశ్వరమ్మ అద్దం ముందు బొట్టు పెట్టుకుంటోంది. అద్దంలోంచి నన్ను చూసింది. తల తిప్పుకుని బొట్టు సరిచేసుకుంది.

"మీకు కథ నేర్పే అమ్మగార్నే అడుగు" అన్నాను.

హారిక అడగలేదు. జడ అయిపోయింది, గంట కొట్టారు.

ఆటోనగర్‌లో

రిటైరయ్యాక ఒక రోజు బీరువాలోని గుమ్మెట తువ్వాల్లో చుట్టుకుని బెజవాడ బస్సెక్కాను. ఆటోనగర్‌లో ఆ సుత్తుల మోతలో సాంబయ్యని వెతకడం కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. అందరూ రేకుని కొడుతున్నారు, ఒక్కడే దరువు వేస్తున్నాడు.

"రా అక్కా. రిటైరయ్యావంటగా. శాలువా కప్పారా?"

"కప్పారు."

"మళ్లీ తీసుకున్నారా?"

"మడతపెట్టి నేనే ఇచ్చొచ్చాను. అలవాటైన పని గదా."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. గుమ్మెట చేతికిస్తే ఒకసారి తట్టాడు. తోలు పలకలేదు. పక్కన పెట్టాడు.

హారిక సంగతి చెప్పాను. "ఆ పిల్లకి కుతూహలం ఉంది. కుడి పక్క విద్య నేర్పు సాంబయ్యా. నీతో పోనియ్యకు" అన్నాను.

"నేర్పటానికేవుందక్కా. బస్టాండులో కూచుని టీ తాగమను. ఊరు ఏమనుకుంటందో వినమను. సాయంత్రం స్టేజీ ఎక్కి, ముందు వరసలో ఎవురు కూచున్నా సరే, అదే చెప్పమను. అంతకి మించి ఏం లేదందులో." సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పనిత్తారా? లోపల పనిచేసినదానివి, నువ్వే చెప్పు."

"ఇవ్వరు" అన్నాను. అతని దగ్గర అబద్ధం ఆడలేను.

"మరి పసిపిల్లని ఆ ఖాళీలో నిలబెట్టమంటావా?"

లేచి నిలబడి, "కోటేశ్వరమ్మ ఎట్టుంది?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

సాంబయ్య లారీ క్యాబిన్ మీద సొట్టని చేత్తో తడిమాడు. "బానే ఉంది. కూర వండుద్ది, కరెంటు బిల్లు కట్టావా అంటది, నేను కట్టానంటా. ఇద్దరం ఎప్పుడూ ఒక మాట అనుకోలా." సుత్తి ఎత్తి మళ్లీ దించాడు. "కాపోతే అక్కా, ఇంతకు ముందు ఇంట్లో ఏ పని మొదలెట్టినా ఇటు తిరిగి ఏమంటావయ్యా అని అడిగేది. ఇప్పుడు ఇంట్లో కూడా అడగటం మానేసింది."

నేను బస్టాండు దాకా నడుస్తున్నంత సేపూ ఆ సుత్తి దరువు వినపడుతూనే ఉంది.

టీ చల్లారిపోయింది, తాగండి. నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు. మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ పిల్లల గొంతులు తడారకుండా ఉండాలి. కుడి పక్కకి తిరిగి ఏమంటావని అడిగే మనిషి మీ ఇంట ఉండాలి. అడిగినప్పుడు అక్కడ ఎవరో ఒకరు ఉండి, భయపడకుండా బదులు చెప్పాలి. చల్లగా ఉండండి.